పదకొండో వేలు

ఆ రోజుల్లో ఖమీస్ ముషైత్‌లో మాకు రెండు రకాల భయాలుండేవి. ఒకటి ఆకాశం నుంచి పడేది, రెండోది కాగితం మీద పడేది. మొదటిది ఇరాకు రాకెట్టు, రెండోది పని పీకేసి ఇంటికి పంపడానికి పాస్‌పోర్టు మీద కొట్టే ఎగ్జిట్ ముద్ర. కువైటు లడాయి నడిచినన్నాళ్ళూ, మిలిటరీ విమానాల అడ్డా మా ఊరి పక్కనే ఉండటంతో, పగలంతా నెత్తి మీద ఉరుములే. ఆస్పత్రి కిటికీ అద్దాలకు టేపులు అడ్డంగా, నిలువుగా అంటించింది నేనే. రాకెట్లు ఎక్కడో రియాద్ వైపు పడ్డాయని రేడియోలో విన్నాం కానీ మా వైపు ఒక్కటీ రాలేదు. ఎగ్జిట్ ముద్ర మాత్రం లడాయి ఉన్నా లేకున్నా ఎవరో ఒకరి మీద పడుతూనే ఉండేది. అందుకే లడాయి అయిపోయిందని ఊరంతా ఊపిరి పీల్చుకున్న రోజున మా భయంలో సగమే తగ్గింది. ఆ మిగిలిన సగం భయంతో మేం చేసిన ఘనకార్యం ఒకటుంది. చాలాకాలం దాన్ని నవ్వుకోవడానికే చెప్పుకున్నాం. ఇప్పుడు చెబుతుంటే మధ్యలో ఆ నవ్వు తెగిపోతుంది. (నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా పక్కింటి టీచరమ్మ రాస్తోంది. నా మాటలు ఎంతైనా సాపు చేసుకో తల్లీ, మా వాళ్ళు మాట్లాడింది మాత్రం ఉన్నది ఉన్నట్టు పెట్టు అన్నాను.)

మాది జగిత్యాల పక్క ఊరు. ముందు మా అన్న వెళ్ళాడు. కఫీల్‌తో మాట్లాడి మా ఆయనకు వీసా తెప్పించాడు, ఏడాది తిరక్కుండా నాకూ తెప్పించాడు. కఫీల్ అంటే మన పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకుని మనల్ని పనిలో పెట్టే అక్కడి ఆసామి. అన్నా, మా ఆయనా కట్టడం పనిలో, ఊరి బయట క్యాంపులో ఉండేవారు. నేను ఆస్పత్రిలో బట్టలు ఉతికే హాలులో, ఆడవాళ్ళ గదుల్లో ఉండేదాన్ని. మొగుడూ పెళ్ళాలం ఒకే ఊళ్ళో ఉంటూ శుక్రవారం శుక్రవారం ఆస్పత్రి గేటు దగ్గర, కాపలావాడి ఎదుట, దూరపు చుట్టాల్లా మాట్లాడుకునేవాళ్ళం. "తిన్నవా?" అంటే "తిన్న" అని ఆయన. "నువ్వు?" అంటే "తిన్న" అని నేను. కాపలావాడికి కూడా ఆ రెండు మాటలూ వచ్చేశాయి. మేం రాగానే వాడే ముందు "తిన్నవా?" అనేవాడు. అదీ మా సంసారం.

ఆ ఆస్పత్రి నర్సుల్లో సగం మంది ఫిలిప్పీన్స్ వాళ్ళు. వాళ్ళలో కొందరు స్వదేశంలో ఒకే కాలేజీలో చదివారట, వేరువేరు ఏళ్ళలో. పక్క ఊరు అభాలో పనిచేసే నలుగురు, ల్యాబు అతనొకడు, ఆపరేషన్లు చేసే డాక్టరొకాయన, అంతా కలిసి పాత విద్యార్థుల సంఘం పెట్టుకున్నారు. మన దగ్గర కలిసి చదివినవాళ్ళు ఎన్నాళ్ళకో కలిస్తే బిర్యానీ తిని, సార్ల మీద జోకులు వేసుకుని ఇళ్ళకు పోతారు. వీళ్ళూ తినేవారే (పెద్ద సత్తు గిన్నెలో సన్న సేమియా, అందులో దొరికిన కూరగాయలన్నీ), కానీ తిన్నాక చేతులు కడుక్కుని పనిలో పడేవారు. లడాయిలో రక్తం పోగుచేశారు. విషపు గాలి వస్తే ముక్కుకు తడి తువ్వాలు ఎలా కట్టుకోవాలో మాకు నేర్పారు. మా హాలులో ఇరవై మందిమి తువ్వాళ్ళు కట్టుకుని వరసగా నిలబడితే దొంగతనానికి బయలుదేరుతున్నట్టు ఉన్నాం. లడాయి అయ్యాక కూడా వాళ్ళు ఆగలేదు. సెలవు రోజున ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు, క్యాంపుల్లో మగవాళ్ళకు ఊరికే పరీక్షలు చేసి మందులిచ్చేవారు. బయటకు ఆడవాళ్ళకు నల్ల అబాయా, అంటే ఒంటినిండా కప్పే పొడుగు అంగీ, లోపల అందరికీ ఒకటే పసుపుపచ్చ టీషర్టు, గుండె మీద కాలేజీ ముద్ర. పని మొదలుపెట్టే ముందు తలుపులు వేసుకుని ఫోటో దిగడం వాళ్ళకు నియమం.

వాళ్ళలో పెద్దామెను అంతా "ఆతే" అనేవారు. వాళ్ళ భాషలో అక్క అని. నేనూ అలాగే పిలిచాను. పొట్టి మనిషి, కత్తిరించిన జుట్టు, బస్సు వెళ్ళిపోతోందన్నట్టు నడక. మా ఇద్దరి భాషకు పేరు లేదు. అరబ్బీ నాలుగు మాటలు, హిందీ నాలుగు, ఇంగ్లీషు నాలుగు, మిగతాదంతా చేతులు. ఆమె మాటలు ఇక్కడ తెలుగులోనే చెబుతాను. (ఆమెకు ఇంత తెలుగు వస్తే నన్ను పక్కన పెట్టుకునే అవసరమే లేకపోయేది.)

ఒక శుక్రవారం పొద్దున ఆతే వచ్చి, వచ్చే శుక్రవారం మీ వాళ్ళ కంపెనీ క్యాంపు మనుషులను బస్సులో మన బట్టల హాలుకే తీసుకొస్తున్నాం, బీపీ, సుక్కర్ చూస్తాం, నువ్వు నా పక్కన నిలబడి మాట చెప్పాలి అంది. చక్కెర జబ్బును అక్కడ సుక్కర్ అనే అనేవాళ్ళం. నాకు ఒక్కసారిగా చదువు వచ్చినంత గర్వమైంది. ఆ రోజే గేటు దగ్గర అన్నకూ, మా ఆయనకూ చెప్పాను.

"ఏందే, మొకం గట్ల ఎలిగిపోతాంది?" అన్నాడు మా ఆయన.

"అచ్చే శుక్కురారం మీ అందరికి సుక్కర్ జూస్తరట. నేనే మాట జెప్పాలె."

అన్న మొహం వాడిపోయింది. "రక్తం దీస్తరా చెల్లె?"

"ఏలికి సూది గుచ్చుతరు, గంతే. చీమ గుట్టినట్టుంటది."

"చీమతోటి ఏం గాదు. ఆళ్ళు రాసిచ్చే కార్డు కంపెనోని చేతికి వోతది. ఆడు ఎగ్జిట్ గొడ్తడు."

"పోదన్నా. ఎవ్వలకు సూపియ్యమని ఆతే జెప్పింది."

"ఆమె జెప్తది. ఆమెకేం బోయింది?"

నేను రెట్టించేలోపే మా ఆయన అన్న ఎడమకాలి బూటు వైపు కళ్ళతో చూపించాడు. "చూపియ్యి బావా. చెల్లెకు గూడ దాస్తవా?" అన్నాడు. అన్న అటూ ఇటూ చూసి బూటు విప్పాడు. కాలికి ప్లాస్టిక్ సంచి చుట్టుకున్నాడు. నెల కిందట ఇటుక పడి బొటనవేలు, దాని పక్క వేలు చితికాయట. పుండు మానలేదు. వేళ్ళు నల్లబడ్డాయి. వాసన వచ్చింది. "నొస్తలేదే" అన్నాడు నవ్వుతూ, అదేదో శుభవార్త అయినట్టు. నొప్పి లేకపోవడమే భయపడాల్సిన సంగతి అని నాకు అప్పటికి తెలియదు. ఊళ్ళో అన్న ఇల్లు గోడల దాకా లేచి ఆగింది. స్లాబు పడాలి. "స్లాబు వడేదాక ఈ కాలు ఆగితే సాలు" అన్నాడు. అంతకుముందు ఏడాదే ఆ క్యాంపులో ఒకతనికి ఏదో జబ్బు ఉందని తేలితే వారం తిరక్కుండా విమానం ఎక్కించారు. అది అందరి కళ్ళల్లో ఉంది.

అప్పుడు మా ఆయన తన తెలివిని బయటపెట్టాడు. ఆయనది ఎద్దులాంటి ఒళ్ళు. రెండు సిమెంటు బస్తాలు ఒక్క భుజానే వేసుకుని మెట్లు ఎక్కేవాడు. "నీ కార్డు నాకియ్యి బావా. నీ అంగి ఏసుకోని, నీ టోపి వెట్టుకోని నేను వోత. మనకు ఆళ్ళందరు ఒక్క తీర్గనే గొడ్తరు గద? ఆళ్ళకు మనం గూడ గంతే."

"తప్పు గదయ్యా?" అన్నాను.

"తప్పేంది? నా రక్తం మంచిది. మంచిదే ఇస్తన్న. కల్తీది ఇస్తన్ననా?"

నేను వద్దనలేదు. ఇక్కడ ఎవరి మీదా నెపం వెయ్యను. కాలు చూసింది నేను, వాసన తెలిసింది నాకు, ఆస్పత్రిలో పనిచేసేది నేను. అయినా ఎగ్జిట్ ముద్రే పెద్దగా కనిపించింది. అన్న వెళ్ళిపోతే మేం అక్కడ ఎవరి ముఖం చూసి ఉండాలి అన్న నా స్వార్థం కూడా ఉంది.

శుక్రవారం వచ్చింది. హాలులో తీగలు కట్టి దుప్పట్లు వేలాడదీసి గదులు చేశాం. వాకిట్లో ల్యాబు అతను ఇగామా చూసి, అంటే పని పర్మిట్టు, కార్డు మీద పేరు రాసిస్తాడు. కార్డు పట్టుకుని విడిచిన దుప్పట్ల కుప్పల మధ్య సందులోంచి లోపలికి వస్తే ఆతే బల్ల. ఆమె పక్కన నేను. ఆ సందులోనే మా ఆయన దుకాణం. అన్న ఒక్కడి కోసం వేసిన ఎత్తు వారం రోజుల్లో క్యాంపంతా పాకి, వాకిట్లో కార్డు తీసుకున్న పది మంది తమ కార్డులూ, అంగీలూ మా ఆయన చేతిలో పెట్టి కుప్పల వెనక దాక్కున్నారట. ఆ సంగతి నాకు తెలియదు. అన్న ఒక్కడిదే అనుకున్నాను.

అంతకు ముందు ఫోటో. పసుపు టీషర్టులన్నీ రెండు వరసల్లో నిలబడ్డాయి. ముందు వరసలో సరిగ్గా నడుమ, పన్ను ఊడినట్టు, ఒక మనిషి పట్టేంత సందు వదిలారు. ఇదివరకు రెండుసార్లు తలుపు సందులోంచి చూసినప్పుడూ అంతే, అదే ఖాళీ. ఇంత చదువుకున్నవాళ్ళకు దగ్గరగా నిలబడటం రాదా అనుకునేదాన్ని. ఆ రోజు అనుకున్నాను: ఓహో, ఈసారి నాకోసం ఉంచారు! నీలం యూనిఫారం సర్దుకుని, గబగబా వెళ్ళి ఆ సందులో నిలబడి పళ్ళన్నీ బయటపెట్టాను. కెమెరా పట్టుకున్న డాక్టరు కెమెరా దించాడు. పక్కన ఒక పిల్ల నర్సు నా మోచేయి పట్టుకోబోయింది. ఆతే ఏదో రెండు మాటలు తమ భాషలో అంది. డాక్టరు మళ్ళీ కెమెరా ఎత్తాడు. టక్కుమంది. అంతే, నేను గొప్పగా నా చోటుకు వెళ్ళిపోయాను.

పరీక్షలు మొదలయ్యాయి. ఆతే కార్డు చూసి, మనిషి పేరు చెప్పించమనేది. నేను అడిగి, పేరు పెద్దగా చెప్పేదాన్ని. ఆమె తలూపి వేలు పట్టుకునేది. మా ఆయన వేసుకున్న లెక్క ప్రకారం తన సొంత కార్డు అన్నిటికంటే చివర రావాలి. వాకిట్లో ల్యాబు అతను మాత్రం ఆయన పేరే ముందు పిలిచాడు. వచ్చి కూర్చున్నాడు. ఆతే "పేరు?" అంది. మా ఇళ్ళల్లో మొగుడి పేరు పెళ్ళాం నోటితో అనదు. తల మీద గుడ్డ ముందుకు లాక్కుని నేల చూశాను. ఆతే నన్నూ, ఆయన్నూ చూసి పకపకా నవ్వింది. "మొగుడా?" అంది. గుచ్చింది, చూసింది, బీపీ పట్టీ కట్టింది. "జేన్, జేన్" అంది. అంతా బాగుంది అని. కార్డు మీద అంకెలు వేసి చేతికిచ్చింది.

తర్వాత ముగ్గురు మామూలు మనుషులు వచ్చి వెళ్ళారు. ఆ తర్వాత నీలి అంగీ వేసుకుని, చెవుల దాకా మంకీ క్యాపు లాగి మా ఆయనే వచ్చాడు. అన్న కార్డే అనుకున్నాను. కార్డు మీద పేరు ఆయన చెబితే నేను గట్టిగా పలికాను. అది అన్న పేరు కాదు, ఎవరిదో. పరాయి పేరు కాబట్టి నోరు బాగానే తిరిగింది. ఆతే ఏమీ అనలేదు. రెండో వేలు గుచ్చింది. "కార్డు తర్వాత ఇస్తాను" అని పక్కన పెట్టుకుంది.

మళ్ళీ నలుగురు మామూలు మనుషులు. మళ్ళీ మా ఆయన, ఈసారి చారల అంగీ. అప్పటికి నాకు అర్థమైంది ఇది ఒక్క కార్డుతో పోయేది కాదని. నాలుగోసారి ఎవరివో సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకొచ్చి, కుర్చీ కనబడక పక్కనున్న బక్కెట్టు మీద కూర్చున్నాడు. ఆతే చేయి పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. ఏడోసారి ముసలివాడిలా నడుస్తూ దగ్గుకుంటూ వచ్చాడు. దగ్గుతున్నాడు కదా అని ఆతే నోట్లో జ్వరం గొట్టం పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఆ గొట్టం పళ్ళ మధ్య పట్టుకుని నన్ను చూసి కళ్ళెగరేశాడు చూడండి, ఆ క్షణం నవ్వు ఆపుకోలేక నేను దుప్పటి వెనక్కి వెళ్ళి చేయి కొరుక్కున్నాను. ఎనిమిది. తొమ్మిది. పదోసారి ఎడమచేతి చిటికెనవేలు చాపాడు. అదీ అయిపోయింది.

పదకొండోసారి అన్న గోధుమరంగు కోటు వేసుకుని, అన్న కార్డు పట్టుకుని వచ్చాడు. ఆతే సూది తియ్యలేదు. ఆయన రెండు చేతులూ పట్టుకుని, బల్ల మీద బోర్లా పెట్టి, మెల్లగా వెల్లకిలా తిప్పింది. పది వేళ్ళకూ పది ఎర్ర చుక్కలు.

"ఖలాస్" అంది. అయిపోయాయి అని. నా వైపు తిరిగి, "అడుగు. పదకొండో వేలు ఎక్కడుంది?" అంది.

అడిగాను.

ఆయన తన బూట్ల వైపు చూసుకుని, "కాళ్ళకు గూడ పది ఉన్నయని జెప్పు" అన్నాడు.

అది నేను చెప్పలేదు. చెప్పకపోయినా ఆతేకు అర్థమైనట్టుంది, పెదవి చివర కదిలింది. పక్కన పెట్టిన కార్డుల కట్ట తెచ్చి మా ముందు పరిచింది. తొమ్మిది కార్డులు. ఒక్కదాని మీదా అంకె వెయ్యలేదు. ఆ తొమ్మిదిసార్లూ ఊరికే పొడిచి దూది అద్దింది తప్ప మిషను పెట్టలేదు. "నొప్పి పుడితే తనే ఆపుతాడనుకున్నాను. ఎవరెవరు భయపడుతున్నారని నేను అడిగితే మీరు చెప్పేవారా? నీ మొగుడే ఒక్కో పేరూ తెచ్చి నా చేతిలో పెట్టాడు" అంది.

"ఎప్పుడు కనిపెట్టినవ్ ఆతే?" అన్నాను, నా భాషలోనే.

"రెండోసారే. మొహాలు నేను మర్చిపోవచ్చు. ఈ మనిషి వచ్చినప్పుడల్లా నువ్వు తల మీద గుడ్డ సర్దుకుంటున్నావు. ఇంకెవరికీ సర్దుకోలేదు."

మా ఆయనకు తెలుగు చేసి చెప్పాను. "గదా సంగతి!" అని నా వైపు కోపంగా చూసి, మళ్ళీ ఆ కోపంలోనే మురిసిపోయాడు.

ఆతే మాత్రం అప్పటికి నవ్వడం లేదు. ఆయన చేతుల పక్కన తన చేతులు కూడా బల్ల మీద పెట్టింది. పొట్టి వేళ్ళు, గోళ్ళు మొదలంటా కత్తిరించినవి. "నేనూ ఇచ్చాను" అంది. కాలేజీలో ఆమెకు ప్రాణంలాంటి స్నేహితురాలు ఉండేదట. ఇద్దరికీ ఒకే ఆస్పత్రి వీసా వచ్చింది. వీసా కోసం రక్తపరీక్ష. ఆ పిల్లకు లోపల జబ్బు ఉందని ఇద్దరికీ తెలుసు. ఆమె కాగితం పట్టుకుని ఆతే వెళ్ళి, ఆమె పేరు చెప్పి తన రక్తం ఇచ్చి వచ్చింది. ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుని వచ్చారు. ఏడాది కూడా గడవకుండానే ఆ పిల్ల పోయింది. "నేను నర్సును. తెలిసే ఇచ్చాను. మంచి చేశాననుకున్నాను" అంది. ఆ తర్వాతే ఈ సంఘం పెట్టారట. ఫోటోలో నడుమ ఖాళీ ఆ పిల్లది.

"నాకు తెలియదు ఆతే, తెలియక నిలబడ్డాను" అని రెండు చేతులూ పట్టుకున్నాను.

"మాఫీ ముష్కిల్" అంది. ఫరవాలేదు అని. "నేను చేసిన పని నువ్వు చెయ్యకు. అది చాలు. ఈ కార్డు ఎవరిదో వాళ్ళను తీసుకురా."

అన్న విడిచిన దుప్పట్ల కుప్ప వెనక, గోడకు ఆనుకుని బూటు మీద చేయి పెట్టుకుని కూర్చున్నాడు.

"అయిందా?" అన్నాడు ఆశగా.

"ఏళ్ళు అయిపోయినయన్నా. నీ ఏలే గావాలె."

"నేను రాను. స్లాబు..."

"కాలు లేని మనిషివి స్లాబు మీదికెట్ల ఎక్కుతవే?" నేను అరిచాను. అన్న మీద నేను గొంతెత్తడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అన్న తల దించుకున్నాడు. కదల్లేదు.

మా ఆయన ఇంకో మాట లేకుండా వంగి, అన్నను సిమెంటు బస్తాలా భుజాన వేసుకున్నాడు.

"దించు బావా, అందరు నవ్వుతరు!"

"నవ్వనియ్యి. పొద్దుగాల్నుంచి నన్ను జూసి గామె ఎంత నవ్విందో నీకెర్కనా?"

అట్లాగే మోసుకెళ్ళి ఆతే ముందు కుర్చీలో దించాడు. ఆతే అన్న వేలు గుచ్చి మిషను పెట్టింది. అంకె రాలేదు. మిషను చెప్పగలిగిన అంకెలు దాటిపోయిందట. తర్వాత బూటు విప్పింది. ఎవరినీ తిట్టలేదు. డాక్టరును కేకేసింది. ఆయన కాలు చూడటం పూర్తయ్యేదాకా ఆతే నా చేయి ఒకటి పట్టుకునే ఉంది. కుప్పల వెనక దాక్కున్న తొమ్మిది మందీ ఇదంతా చూసి, ఒక్కొక్కరే బయటకు వచ్చి వరసలో నిలబడ్డారు, అంగీలు లేకుండా బనీన్లతో. వాళ్ళ అంగీలన్నీ మా ఆయన దగ్గరే ఉన్నాయి మరి. అందులో ఇద్దరికి సుక్కర్ తేలింది.

అన్న కాలికి రెండు వేళ్ళు తీసేశారు, పాదం నిలిచింది. ఇంకో వారం ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని డాక్టరు చెప్పాడు. కఫీల్ దగ్గరకు ఆ డాక్టరే స్వయంగా వెళ్ళాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. అన్నకు ఎగ్జిట్ కొట్టలేదు, సామాన్ల స్టోరుకు కాపలా పెట్టారు. అందరి కథా అంత బాగా నడిచిందని అబద్ధం చెప్పను. ఆ ఇద్దరిలో ఒకతన్ని ఆర్నెల్లకు పంపించేశారు. ఆతే వాళ్ళు అతని సంచిలో మందులు నింపి, బస్సు దాకా వెళ్ళి సాగనంపారు. అంతకంటే వాళ్ళ చేతిలో ఏముంది? పుండు కడిగి కట్టు కట్టడం ఆతే నాకు నేర్పింది. చాలా వారాలు ఆ కట్టు నేనే మార్చాను. అన్న ఇంటికి స్లాబు పడింది. ఇప్పటికీ ఆ మూడు వేళ్ళ కాలికి చెప్పు తాడుతో కట్టుకుని ఆ మెట్లు ఎక్కుతాడు.

మా ఆయన సంగతి వేరు. తన కార్డును, అదే ఆ రోజు మొదట రాసిచ్చినదాన్ని, ప్లాస్టిక్ కాగితంలో పెట్టి కుట్టించుకున్నాడు. ఊరికి వచ్చేశాక ఎన్నేళ్ళు గడిచినా, ఒకసారి చూపించుకో అని నేనంటే పెట్టె తెరిచి ఆ కార్డు తీసేవాడు. "పది మందికి సరిపోయిన రక్తమే ఇది. నాకు సరిపోదా?" అనేవాడు. నేను నవ్వేదాన్ని. నేనే నవ్వేదాన్ని, ఆతే పక్కన నిలబడినదాన్ని. అన్నను తీసుకురావడానికి అరిచిన నోరు మొగుడి ముందు మెత్తబడింది. గుడ్డ సర్దుకుని ఊరుకున్నాను. కళ్ళు మసకబడ్డాయంటే వయసన్నాడు, కాళ్ళు తిమ్మిరంటే పాత చాకిరీ అన్నాడు. కిందపడ్డాకే కరీంనగర్ తీసుకెళ్ళాం. అక్కడ నర్సు వేలు గుచ్చుతుంటే, సగం తెలివిలో ఉన్న మనిషి నా వైపు తల తిప్పాడు.

"ఇది ఎవలి కార్డే?" అన్నాడు.

"నీదేనయ్యా" అన్నాను. "ఈసారి నీదే." నర్సు పేరు అడిగింది. పక్కన ఇంకెవరూ లేరు. జన్మలో మొదటిసారి ఆయన పేరు నా నోటితో చెప్పాను. ఆయన విన్నాడో లేదో తెలియదు. ఆ వారంలోనే పోయాడు.

ఇప్పుడు మా ఊరి ఆరోగ్య కేంద్రంలో సుక్కర్ చూసే రోజున నన్నూ పిలుస్తారు. నాకు రాయడం రాదు, మందులు తెలియవు. భయపడేవాళ్ళ పక్కన కూర్చుని చేయి పట్టుకుంటాను, అంతే. ముందు నా వేలు నేను గుచ్చించుకుని చూపిస్తాను. ఆ తర్వాత వాళ్ళ వేలు వాళ్ళే ఇవ్వాలి.

ఆతే ఇచ్చిన ఆ ఫోటో మా గోడ మీద ఉంది. పసుపు టీషర్టుల నడుమ నీలం యూనిఫారంలో, తనకోసమే చోటు ఉంచారనుకుని పళ్ళికిలిస్తున్న ఆ పిచ్చిపిల్లను చూస్తే నాకే నవ్వొస్తుంది. కొంచెం పక్కకు జరగవే, అక్కడ ఒకరున్నారు అని చెప్పాలనిపిస్తుంది. మళ్ళీ, పోనీలే, ఉండనీ అనిపిస్తుంది. వాళ్ళందరి వెనకాల తీగ మీద తెల్ల దుప్పటి వేలాడుతూ ఉంటుంది. దాని కింద, జాగ్రత్తగా చూస్తే, సిమెంటు మరకల బూట్లతో రెండు కాళ్ళు కనబడతాయి. తలుపులు వేసేలోపే మా ఆయన లోపల దూరి, ఎవరి అంగీయో తొడిగి చూసుకుంటున్నట్టున్నాడు. సౌదీలో మా ఆయన దిగిన ఫోటో అదొక్కటే.